గీకకూడని స్ఫటికాలు

ఆదివారం పొద్దున మా ఇంట్లో గొడవ కొత్త నాన్‌స్టిక్ పెనం దగ్గర మొదలైంది. అడుగు మాడిందని అత్తయ్య స్టీలు చెంచా పెట్టి గరగరా గీకుతున్నారు.

"అత్తయ్యా, చెక్క గరిటె పక్కనే ఉంది కదా! పూత లేచిపోతుంది," అన్నాను.

"లేస్తే లేవనీ. ఇంత సుకుమారమైనదాన్ని పొయ్యి మీదెందుకు పెట్టడం? అద్దాల బీరువాలో పెట్టుకో."

"పోయినసారిది కూడా ఇలాగే పోయింది."

"అవును, అదీ నేనే మింగేశాను."

మా తోడికోడలు మామూలుగా అయితే ఇద్దరికీ చెరో మాట అందించి తమాషా చూసేది. ఆవేళ నవ్వలేదు. అత్తయ్య చేతిలోని చెంచానే చూస్తోంది. 

"అక్కా, లంబూ కూడా స్టీలు గరిటెతోనే గీకుతాడు."

లంబూ అంటే ల్యాబులో తన పక్క బల్ల దగ్గర పనిచేసే పొడుగాటి అబ్బాయి. ఒకటి రెండుసార్లు మా ఇంట్లో భోంచేశాడు.

తోడికోడలు తన పని గురించి అంట్లు తుడుస్తూ నాకు చెబుతూనే ఉంటుంది. డిస్ప్రోసియం అనే లోహపు పరమాణువును నడిమధ్య కూర్చోబెట్టి, పైనా కిందా దాన్ని గట్టిగా పట్టుకునే అణువులు తగిలించి, నడుం చుట్టూ నీటి అణువులను వదులుగా అమర్చాలి. అమరిక కుదిరితే, బాగా చల్లబరిచినప్పుడు ఆ ఒక్క అణువే అయస్కాంతమై, చూపించిన దిక్కును కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. దాని విద్యుదావేశాన్ని సరిపెట్టడానికి పక్కన ఇంకో పదార్థం ఉండాలి. మిగతావేవీ మంచి స్ఫటికాలు ఇవ్వలేదని పెర్‌క్లోరేట్ అనే లవణం వాడింది. చిటికెడైతే జాగ్రత్తగా నెట్టుకురావచ్చు. ఎక్కువ చేసి, వేడికి ఎండనిచ్చి, గీకితే పేలుతుంది.

"ఎప్పుడూ చిటికెడే చేసేదాన్ని. వేరే ల్యాబులో కొలతలకి ఎక్కువ కావాలన్నారు. ఈసారి ఫ్లాస్కు అడుగంతా చేశాను. నిన్న సాయంత్రం ఆరడానికి గాలి లాగే పంపుకి తగిలించి వచ్చేశాను. కింద వేడి ఆపానో లేదో గుర్తు రావడం లేదక్కా. లంబూ ఇవాళొచ్చి దాన్ని గీకి తీసి పార్సెల్ కడతానన్నాడు."

"ఫోన్ చెయ్యి ముందు."

చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. ల్యాబు లోపలికెళ్లేటప్పుడు ఫోన్లు బయట అరలో పెట్టేయాలట.

మగాళ్లిద్దరూ బజారుకెళ్లారు. కారు నేనే తీశాను. దారంతా తను ఫోన్ చేస్తూనే ఉంది. 

ల్యాబు వరండా నిర్మానుష్యంగా ఉంది. తలుపుకున్న అద్దంలోంచి చూశాం. లంబూ మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఫ్లాస్కు స్టాండుకి బిగించి ఉంది. గరిటె దాని మెడలోకి దిగి ఉంది.

నేను తలుపు మీద బాదబోయాను. తోడికోడలు నా మణికట్టు పట్టుకుంది. "వద్దు. ఉలిక్కిపడతాడు."

తలుపు మెల్లగా తోసి, రోజూ పలకరించినట్టే అంది, "లంబూ, టీ తాగావా?"

"ఆగు తల్లీ. అడుగంతా అతుక్కుని చచ్చింది. ఇప్పుడే మొదలుపెట్టబోతున్నా."

"మొదలుపెట్టకు. చెయ్యి కదపకుండా ఉండు. ఇప్పుడు గాజుకి తగలకుండా బయటికి తియ్యి. నెమ్మదిగా."

"ఏంటి, బాంబా?"

 అతని చెవుల వెనక చెమట పట్టడం నాకు కనిపించింది. గరిటె వెంట్రుకవాసి చొప్పున పైకొచ్చింది. పూర్తిగా బయటికొచ్చాక అతను దాన్ని పక్కన పెట్టేశాడు.

కింద నూనె గిన్నె ఇంకా వేడిగానే ఉంది. తను స్విచ్చు ఆపింది. గాజుముక్కల్లా మెరవాల్సిన స్ఫటికాలు సున్నంలా తెల్లబడిపోయాయి. వాటిలోని నీళ్లు ఆవిరైపోయాయన్నమాట. ఫ్లాస్కు ఉన్న అర ముందరి అద్దపు పలక దించి ముగ్గురం బయటికొచ్చాం. లంబూ తలుపుకి తాళం వేసి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

చెమట తుడుచుకుని అన్నాడు, "మన ల్యాబు సార్‌కి చెప్పావంటే నీ పని గోవిందా. ఇంత చేయకూడదని గోడకే అంటించారు. మీరు ఇంటికెళ్లండి. చల్లారాక, భోంచేసొచ్చి నేనే నీళ్లు పోసి కరిగించేస్తా. మూడో కంటికి తెలియదు."

తను తాళం వేసిన తలుపు వైపు ఒకసారి చూసి నా వెంట వచ్చేసింది. కారులో, "అరిచుంటే ఏమయ్యేదక్కా?" అంది. నేను కారు తీశాను.

మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం.

"ఆదివారం కూడా ల్యాబేనా? ఆ అయస్కాంతం ఏం చేస్తుందో గాని, నిన్ను మాత్రం ఇంట్లోంచి లాగేస్తోంది," అన్నారు అత్తయ్య.

మా మరిది నవ్వాడు. తను అన్నం కెలుకుతూ కూర్చుంది. లంబూ కూడా ఈపాటికి ఎక్కడో తింటూ ఉంటాడు. అతని పళ్లెంలో ఎంత మిగిలుంటుందా అన్న ఆలోచన నన్ను వదల్లేదు.

తను ఎడమచేత్తో ఫోన్ అందుకుని, జరిగిందంతా బల్ల దగ్గరున్న అందరికీ గబగబా చెప్పేసి, "ఇప్పుడే సార్‌కి చెప్పేస్తాను," అంది. 

"అతనే చూసుకుంటానన్నాడుగా," అన్నాడు మరిది. "మూడేళ్ల కష్టం. ఒక్క గంట ఆగలేవా?"

"ఆ గంటలోనే అతను చెయ్యి కడుక్కుని ల్యాబుకి వెళ్తాడు."

"ఆ అబ్బాయికి పిల్లలున్నారా?" అడిగారు అత్తయ్య.

"పెళ్లే కాలేదు అత్తయ్యా," అంది తోడికోడలు.

"తల్లయితే ఉంటుందిగా."

తను తలూపింది. "ముందు లంబూని కదలొద్దంటాను. తర్వాత సార్‌కి చెప్పి ఆ గది మూయించేస్తాను. ఇలాంటివి జాగ్రత్తగా తీసేవాళ్లు వచ్చి తీస్తారు. నన్ను మానిపించినా సరే, దాన్ని నా కోసం ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు."