కొల్లేట్లో పడ్డ రాగి

కొల్లేటికోట అమ్మవారి గుడికి పడవలో వెళుతుండగా నాగవల్లి అత్తగారు రాజ్యం సంచిలోంచి గుప్పెడు నాణేలు తీసి నీళ్ళలోకి విసిరింది. ఒకటి పడవ అంచుకు తగిలి లోపల పడింది.

నాగవల్లి దాన్ని తీసి చూసింది. ఇందోర్ సంస్థానం రాగి అర్ధణా, దాని మీద పడుకున్న నంది బొమ్మ. అది తన బీరువాలోదే! తివాచీలు అమ్మడానికి దేశమంతా తిరిగిన తాతగారు ఒక్కొక్కటిగా పోగుచేసి ఆమెకిచ్చిన నాణేలవి.

"ఇవి నావండీ! మీకెవరిచ్చారండీ?"

"అబ్బాయేనమ్మా. గంగమ్మకి రాగి వేస్తే మంచిదన్నాను."

ఎదురుగా కూర్చున్న భర్త శ్రీనాథ్ నవ్వాడు. "చెల్లని డబ్బులేగా. దానికింత కోపమా?"

"నన్నొక్క మాట అడిగారా? మీ దృష్టిలో నేనూ చెల్లనిదాన్నేనా?"

ఆమె పడవ ఆపించి, చీర దోపుకుని నడుం లోతు నీళ్ళలోకి దిగింది. గుర్రపుడెక్క తోసి బురదలో చేతులు పెట్టి వెతకసాగింది.

"నలుగురూ చూస్తున్నారు, పైకి రా!"

"చూడనివ్వండి. ఇచ్చింది మీరేగా, మీరూ దిగండి!"

శ్రీనాథ్ నవ్వు ఆగిపోయింది. చెప్పులు విడిచి దిగాడు. ఇద్దరూ ఎంత వెతికినా దొరికింది ఏనుగు బొమ్మ ఉన్న మైసూరు కాసు ఒక్కటే. దాన్ని అతను చాచిన చేతిలోంచి లాక్కుని, నాగవల్లి ఒడ్డుకు నడిచింది. గుడికి వెళ్ళలేదు. తడిబట్టలతోనే ఆటో ఎక్కి, ఏలూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది.