ఏడ్చిన కొమ్మ

"ముందు స్టైలు ఎంచుకోవాలండీ. ఆ తర్వాతే కత్తెర" అంది సృజన.

నాకు ఒళ్లు మండింది. అరవై ఎనిమిదేళ్లదాన్ని. శామీర్‌పేట నర్సరీలో రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నా మనవరాలి వయసు పిల్ల చెట్టుకు స్టైలు నేర్పుతానంటుంది! చెట్టుకు స్టైలేమిటి, సినిమా హీరోనా?

ఈ నిర్వాకమంతా నా కూతురు హన్నాది. మేడ్చల్‌లో మా పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్టుమెంటు కడుతున్నారు. నన్ను కొంపల్లిలో తన ఫ్లాటుకు తెచ్చుకుంది. ఇల్లు పోయిందని నాకు బెంగ లేదు, వానొస్తే ఏడుచోట్ల గిన్నెలు పెట్టుకున్న ఇల్లది. నా బెంగంతా పెరట్లోని ద్రాక్షతీగ మీదే, మా వైపు అంగూరు అంటాం. జనవరిలో దాని కొమ్మలు కురచగా కొట్టించి, వేళ్లతో సహా తవ్వించి, సగానికి కోసిన నీలం డ్రమ్ములో నాటించాను.

"నాలుగో అంతస్తుల పందిరి యాడ ఏస్తవమ్మా? బోన్సాయ్ చేస్కో, బాల్కనీల పడ్తది" అని హన్నా ఈ శనివారం క్లాసులో నా పేరు రాయించి, డ్రమ్మును ఆటోలో వేయించి తెచ్చింది. పక్కనే కూర్చుని ఫోను చూసుకుంటోంది.

ఆ తీగ మా ఆయనది. ఏలియా అంటే ఆ రోజుల్లో అంగూరు తోటల వాళ్లందరికీ తెలుసు. మేడ్చల్ నుంచి ఇటు శామీర్‌పేట దాకా ఎటు చూసినా పందిళ్లే అప్పుడు. కాపు రోజుల్లో పొద్దున బస్సు దిగితే చాలు, తియ్యటి వాసన ముక్కుకు తగిలేది. ఏలియా కత్తెర మేస్త్రీ. ఏ కొమ్మ ఉంచాలో ఏది తీయాలో ఆయన చెప్పాకే మిగతావాళ్లు చెయ్యి పెట్టేవాళ్లు. తర్వాత ఒక్కొక్క తోటా పీకేసి హద్దురాళ్లు పాతారు. తను పనిచేసిన తోట పీకేసిన రోజు ఆయన అన్నం తినలేదు. తడి గోనెలో చుట్టి జానెడు కొమ్మ తెచ్చి పెరట్లో పాతాడు.

తోటలో ఆయన పెంచిన మొదళ్లు గుంజ పాతినట్టు నిటారుగా ఉండేవి. ఇంట్లో ఈ తీగ మాత్రం మోకాలెత్తున రెండుగా చీలింది. ఒక కొమ్మ సూటిగా కప్పు మీదికి పోయింది. రెండోది పక్కకు వంగి, మేకలు నమిలి వదిలిన తాడులా వంకర టింకరగా బట్టలుతికే బండ వైపు పోయింది.

"మందికి సక్కగ చేసే మేస్త్రివి, నీ ఇంట్ల గీ వంకరేంది? సూసినోళ్లు నవ్వుతాన్రు" అని నేను దులిపేదాన్ని.

"నీకెందుకే కృపా? నీ బట్టలు నువ్వుతుక్కో" అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. ఆయన పోయి ఆరేళ్లయింది.

సృజన నాలుగు కుండీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకదాంట్లో మొక్క నిటారుగా ఉంది, ఒకదాంట్లో వంకరలు తిరిగింది, ఒకదాంట్లో పక్కకు వాలింది. నాలుగోది కుండీ అంచు దాటి కిందికి జారింది.

"కొత్తవాళ్లకు నిటారే తేలికండీ. కానీ మనకు నచ్చింది కాదు, మొక్క ఎలా పోవాలనుకుంటోందో చూడాలి" అంటూ నా డ్రమ్మును మెల్లగా తిప్పింది. నిటారు కొమ్మకు రెండు చిగుళ్లున్నాయి. వంగిన కొమ్మకు ఒక్కటీ లేదు, బెరడు పొట్టులా లేచిపోతోంది. "రెండూ ఉంచితే కుండీలో పట్టవు. ఈ ఎండింది తీసేద్దామండీ."

"తీసెయ్ అమ్మా. సక్కగుంటెనే బాల్కనీల మంచిగ కనబడ్తది" అంది హన్నా ఫోను మీంచి తలెత్తకుండానే.

సంచిలోంచి ఏలియా కత్తెర తీశాను. నేనూ ఆ వంకరను ఏళ్ల తరబడి తిట్టినదాన్నే కదా, పీడ వదిలిందనుకుని కొమ్మకు ఆనించాను.

"ఒక్క నిమిషమండీ!" సృజన నా చెయ్యి ఆపి, బెరడు మీద వేలు పెట్టి చూపించింది. "ఇది దానంతట అది వంగలేదు. ఎవరో తాడు కట్టి లాగారు. ఇవన్నీ తాడు గాట్లే. ఏటేటా విప్పి, కాస్త ముందుకు జరిపి మళ్లీ కట్టినట్టున్నారు. అటువైపు ఏముండేదండీ?"

"బండ" అన్నాను.

కత్తెర ఒళ్లో పెట్టుకున్నాను.

నేను కాన్పుల వార్డులో ఆయాను. ముప్ఫై ఏళ్లూ నైట్ డ్యూటీలే. పొద్దున వచ్చి పడుకుని, మధ్యాహ్నం రెండింటికి లేచి బట్టలు ఉతికేదాన్ని. మొదట్లో ఎండకు మాడు పగిలిపోయేది. తర్వాత్తర్వాత పగల్లేదు. నీడ ఉందని తెలుసు, కానీ అది ఎక్కణ్నుంచి వచ్చిందో ఒక్కనాడైనా తలెత్తి చూశానా? ఎంత మొద్దుదాన్ని! నా నెత్తిన గొడుగు పట్టినవాణ్ని వంకర మేస్త్రీ అని ఇరుగుపొరుగు ముందు ఎగతాళి చేశాను. ఆయనేమో నవ్వి ఊరుకున్నాడు.

"గీ కొమ్మ తియ్య. నిటారుగున్నదే తీస్త" అన్నాను.

సృజన కంగారుపడింది. "అమ్మగారూ, చిగురున్నది అదొక్కటే. దాన్ని తీశాక ఇది ఎండినదని తేలితే చెట్టు మొత్తం పోతుంది."

నిజమే. అయినా బతికుందో లేదో తెలుసుకునే దారి నాకు తెలుసు. అంగూరు తీగను ఇలా ఎండాకాలం మొదట్లో కోస్తే కోతలోంచి నీరు కారుతుంది. "ఏడిస్తెనే బతికినట్టు" అనేవాడు ఏలియా. మా వార్డులోనూ అదే మాట. పుట్టిన పిల్ల ఏడ్చేదాకా ఎవరం ఊపిరి తీసుకునేవాళ్లం కాదు. ఇద్దరి పనీ ఒకటేనని చెప్పుకుని నవ్వుకునేవాళ్లం.

వంగిన కొమ్మ కొస కోశాను. లోపల గోధుమరంగు పొడి. ఇంకో జానెడు కిందికి వచ్చి కోశాను. అదీ ఎండుదే. ఇక వంపు దగ్గర బెత్తెడే మిగిలింది. హన్నా ఫోను ఒళ్లో పెట్టేసి నా ముఖం చూస్తోంది. దేవుణ్ని తలచుకుని మూడోసారి నొక్కాను.

ఏమీ రాలేదు. సృజన జాలిగా చూసి, కోతకు పూసే లేపనం డబ్బా తెరిచింది.

"ఆగు బిడ్డా! జర సేపు ఆగు."

వార్డులోనూ ఇలాగే ఉండేది. ఆ ఒక్క నిమిషం ఎంతకీ గడిచేది కాదు. ముందు కోత అంచు తడిబారింది. తర్వాత సన్నటి చుక్క ఊరి, పెద్దదై, జారి నా బొటనవేలి మీద పడింది. దాని వెనకే ఇంకొకటి.

"ఏడుస్తాంది! హన్నా, సూడే, ఏడుస్తాంది!" అని అరిచాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. సృజన గుడ్డతో తుడవబోతే చెయ్యి మీద ఒక్కటి వేశాను.

చిగుళ్లున్న నిటారు కొమ్మను నా చేత్తోనే తీశాను, అదీ బొటబొటా నీరు కార్చింది. దాన్ని పారేయకుండా తడి గోనెలో చుట్టాను.

"స్టైలు ఏమని రాయమంటారండీ?" అంది సృజన అట్టముక్క పట్టుకుని.

"పక్కకు వాలింది అని రాయి బిడ్డా. మా మేస్త్రి ఎప్పుడో పెట్టిండు గా స్టైలు."

సాయంత్రం, సృజన కుండీలోకి మార్చి ఇచ్చిన తీగను బాల్కనీలోకి తెచ్చి, వాషింగ్ మెషీన్ పక్కన, వంపు దానివైపు వచ్చేలా పెట్టాను.

"గా మూలకెందుకమ్మా? ముంగట పెడితే అందరికి కనబడ్తది గద" అంది హన్నా.

"నీకెందుకే? నీ బట్టలు నువ్వుతుక్కో" అన్నాను.