సీటు మీద సంచి

నేను ఒక స్టేషన్ని. సగం రైళ్లకి, సగం బస్సులకి. దొరల కాలంలో రాతితో కట్టిన రైళ్ల సగానికి, నలభై ఏళ్ల కిందట సిమెంటుతో బస్సుల సగాన్ని అతికించి, మధ్యలో వంతెన వేశారు. వచ్చే ఏడాది సిమెంటు సగాన్ని కూల్చేస్తారట. అందుకే ఈ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను.

రాతి సగంలో సీట్లకి నంబర్లుంటాయి. అయినా పోట్లాటలు తప్పవు. సిమెంటు సగంలో తువ్వాలే చట్టం. కిటికీలోంచి ఎవరి తువ్వాలు ముందు పడితే సీటు వాళ్లది. సొంత అన్నదమ్ముల మాట వినని మనుషులు ఒక గుడ్డముక్కకి ఇంత మర్యాద ఎందుకిస్తారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

మొన్న జూలైలో నాంచారయ్య, ఆయన కూతురు ఝాన్సీ తెనాలి పాసింజరు దిగారు. మధ్యాహ్నం రెండింటికి గుడివాడలో ఆ పిల్లకి నర్సింగ్ సీటు కౌన్సెలింగ్. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. నాంచారయ్య భుజం బోసిగా ఉంది. "తువ్వాలేసుకుని కాలేజీకొస్తే బాగోదు నాన్నా" అని కూతురే ఇంటి దగ్గర తీయించింది.

ఝాన్సీని వంతెన మెట్ల దగ్గర ఉండమని ఆయన ముందు పరిగెత్తాడు. బస్సు ఆగింది, జనం మీద పడ్డారు. ఆయన చెయ్యి అలవాటుగా భుజం మీదికి పోయింది. అక్కడేమీ లేదు. చేతిలో ఉన్న సర్టిఫికెట్ల సంచినే కిటికీలోంచి సీటు మీదికి విసిరేశాడు. సీటు ఆపుకున్నవాడికి ఇక తొందరేముంది? నింపాదిగా వెళ్లి, టీ తాగి, కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. అప్పటికి అక్కడ బస్సు లేదు. పోయింది గుడివాడ బస్సు కూడా కాదు, నూజివీడుది.

"బోర్డు చూసుకోవద్దా బాబాయ్!" అంది ఎంక్వైరీలో మైకు ముందు కూర్చునే రమీజాబీ.

"కంగార్లో ఏసేశానమ్మా. మా పిల్ల బతుకంతా అందులోనే ఉంది."

ఆమె నూజివీడు దారిలో ఉన్న ఆగిరిపల్లి బస్టాండుకి ఫోన్ చేసింది. ఆయన నా బల్ల మీద కూర్చుని, కళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు కూడా లేక, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నా గోడలు తడిస్తే మనుషులు వానాకాలం చెమ్మ అంటారు.

పన్నెండింటికి ఎదురు బస్సు కండక్టరు సంచి తెచ్చిచ్చాడు. "ఇరవైమంది నిలబడ్డారంట గానీ ఒక్కడూ కూర్చోలేదండీ. ఎవరో ఆపుకున్నారులే అని, ఆగిరిపల్లి దాకా సంచిని కూర్చోబెట్టి తీసుకెళ్లారంట" అన్నాడు. ఝాన్సీ కాగితాలన్నీ చూసుకుంది. ఒక్కటీ పోలేదు.

అంతలో గుడివాడ బస్సొచ్చింది. మళ్లీ తోపులాట. నాంచారయ్య భయపడి చేతులు కట్టుకుని వెనకే నిలబడిపోయాడు. ఝాన్సీ సంచిని చంకలో బిగించి, మెడలోని నీలం చున్నీ లాగి, ఉండచుట్టి కిటికీలోంచి విసిరింది.

"గుడివాడే నాన్నా, బోర్డు చదివాను. నువ్వు నిదానంగా రా."

ఆయన నిదానంగా రాలేదు. పరిగెత్తాడు.