తొంభై ఒక్క కిలోల మొక్కు

రాజ్యలక్ష్మమ్మ నోటికొచ్చినట్టు మొక్కుకునే మనిషి కాదు. మూడేళ్ల కిందట కొడుకు ధనుంజయ కిడ్నీల జబ్బుతో ఒళ్లంతా నీరు పట్టి కడప ఆసుపత్రిలో మాటా పలుకూ లేకుండా పడి ఉన్నప్పుడు, ఆమె ఎర్రగుంట్లలోని తమ కిరాణా అంగట్లో బస్తాలు తూచే కాటా ఎక్కి నిలబడింది. తొంభై ఒక్క కిలోలు. కొడుకును లేపి కూర్చోబెడితే తన కాళ్లతో మెట్లెక్కి వచ్చి, తన ఎత్తు బెల్లం తూచి ఇస్తానని గట్టు మీది నరసింహస్వామికి మాటిచ్చింది. కొడుకు లేచాడు. ఆ ఏడాదే ఆమె మోకాళ్లు మొండికేశాయి. స్వామి ఉన్నది మూడు వందల మెట్ల పైన. ఆమెకు పెరటి గడప దాటడమే గగనమైపోయి, మొక్కు అలాగే ఉండిపోయింది.

కడపలో మోకాళ్ల డాక్టరు చూసి, రెండు కీళ్లూ అరిగిపోయాయి, చిప్పలు మార్చాల్సిందే అన్నాడు. కాకపోతే ముందు పన్నెండు కిలోలు తగ్గాలట. లావు మనిషినైతే కాళ్ల మీద బరువు పడుతుంది, పడితే పడనీ అని ఆమె వాదించింది. ఆయన స్కానింగు బొమ్మలో చిప్ప వెనకాల ఉబ్బి ఉన్న కొవ్వు చూపించాడు. అది ఊరికే కూర్చోదని, తానే వాపు పుట్టించి కీలును లోపలినుంచి కొరుక్కు తింటుందని చెప్పాడు.

తగ్గితే ఆపరేషను, ఆపరేషనైతే మెట్లు, మెట్లెక్కితే మొక్కు. అంతా బాగానే ఉంది. కానీ అప్పటికి తాను తూగేది డెబ్బై తొమ్మిది, మాటిచ్చింది తొంభై ఒకటికి. తక్కువ పడిన పన్నెండు కిలోలు పైన వేసేస్తే పోదా అని మీరనవచ్చు. పూజారీ అదే అన్నాడు. నలభై ఏళ్లు అంగట్లో కూర్చుని చిటికెడు తేడా రానివ్వని మనిషికి తూకం గురించి ఎవరు పాఠం చెబుతారు? ఒక పక్క తాను కూర్చోవాలి, రెండో పక్క బెల్లం సరితూగాలి. చేత్తో పైన వేసేది కొసరు. కొడుకు ప్రాణానికి కొసరు చెల్లించడమేమిటి?

అయినా నొప్పి ఎవరినైనా లొంగదీస్తుంది. మరుగుదొడ్లో కూర్చుని లేవలేక కోడలు శ్రీదేవిని పిలవాల్సి వచ్చిన రోజున సిగ్గుతో చచ్చిపోయి, సరే కానిమ్మంది. శ్రీదేవి పట్టుకుంటే వదిలే రకం కాదు. నెయ్యి గిన్నె అటకెక్కించింది. కొర్రన్నం, సొరకాయ కూర, మధ్యాహ్నం మజ్జిగ తప్ప ఇంకేదీ ముట్టనివ్వలేదు. ఐదు నెలల్లో పది కిలోలు తగ్గింది. డాక్టరు మెచ్చుకుని, మిగిలిన రెండూ ఈలోగా తగ్గమని మూడు నెలల తర్వాతకు తేదీ ఇచ్చాడు. ఆపరేషను కాకముందే మోకాళ్లు కాస్త వదులై, ఆమె గోడ పట్టుకోకుండా అంగట్లోకి నడిచొస్తే భర్త వీరభద్రయ్య బేరం వదిలేసి నోరు తెరుచుకుని చూశాడు. ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు.

ధనుంజయ చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల అచ్చులు లోతుగా పడి ఉన్నాయి. మర్నాటికి కళ్ల కింద ఉబ్బు. పరీక్షలు చేసి, జబ్బు తిరగబెట్టిందన్నారు.

ఇంట్లో అందరూ ఏడ్చారు. ఎందుకు తిరగబెట్టిందో మాత్రం ఆమె ఒక్కదానికే తెలుసు. స్వామికిచ్చిన మాటలోంచి పది కిలోలు తానే కోసుకుంది, ఆయన ఊరుకుంటాడా? ఆరోజు నుంచే తినడం మొదలుపెట్టింది. ఆకలికీ కాదు, రుచికీ కాదు. అంగట్లో బెల్లం, వేయించిన పప్పులు, శ్రీదేవి మొగుణ్ణి ఆసుపత్రికి తీసుకుపోగానే నెయ్యి పోసిన అన్నం. కడుపు వద్దంటే కళ్లు మూసుకుని మింగింది. కాటా మీద అంకె పెరిగినప్పుడల్లా చెంపలేసుకుని దండం పెట్టుకుంది. మోకాళ్లు మళ్లీ ఉబ్బి, మంచం దిగాలంటే ఏడుపొచ్చేది. ఏడుస్తూనే తినేది.

ఆపరేషను తేదీన డాక్టరు బరువు చూశాడు. తొంభై. కాగితం మీద తేదీ కొట్టేశాడు. శ్రీదేవి వరండా బెంచీ మీద కూలబడి, తన కష్టమంతా బూడిదపాలైందని ఏడ్చింది. ధనుంజయ ముఖమంతా ఉబ్బిపోయి తల్లి పక్కన కూర్చుని, ఎందుకిలా చేశావని అడిగాడు. మొక్కు సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. తన తూకం లెక్క ఆమె ఇంట్లోవాళ్ల ముందు అప్పుడే మొదటిసారి బయటపెట్టింది.

"ఇంకొక్క కిలో నాయనా," అంది. "అది గూడా తెచ్చుకుంటినంటే నీకు నయమైపోతాది."

అతను తల్లి వైపు తిరిగాడు.

"నీ బరువుకూ నా జబ్బుకూ సంబంధం లేదుమా. మాత్రలు నేనే నిలిపేసినా. బాగైపోయింది, ఇంకెందుకులే అనుకొని ఎవురికీ చెప్పకుండా నిలిపేసినా. తిరగబెట్టింది అందుకేనని డాక్టరే చెప్పినాడు."

శ్రీదేవి ఏడుపు ఆపి మొగుడి వంక చూసింది. రాజ్యలక్ష్మమ్మ ఒక్క క్షణం నమ్మబోయింది. నమ్మితే ఎంత హాయి, ఎన్ని నెలల భయం దిగిపోతుంది.

"ఎప్పుడు నిలిపేసినావు?"

"ఉగాదప్పుడు."

ఉగాదికి తానెంత ఉందో ఆమెకు కంఠతా వచ్చు. ఎనభై ఆరు. అప్పటికే ఐదు కిలోలు తగ్గి ఉంది.

"నిలిపేయాలని నీకు బుద్ధి పుట్టించినోడు ఎవరనుకున్నావు నాయనా?" అంది.

ఆమె కోడలి ఒళ్లోని క్యారియర్ అందుకుని, ముగ్గురికని తెచ్చిన అన్నం మూత తీసి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఆ ముద్ద మింగక ముందే ఇంకో ముద్ద కలిపింది. వాళ్లిద్దరిలో ఎవరూ ఆమె చెయ్యి పట్టుకోలేకపోయారు.