ఆరీ ఆరని తడి

మిషను దాకా వెళ్ళకముందే మూడోది కూడా గుసగుస చేతిలో ఊడింది. ఊడింది పన్ను కాదు, పన్నుకు అతికించిన మందు. బియ్యపుగింజంత తెల్లటి ముక్క బల్ల మీద పడి, రెండు దొర్లులు దొర్లి ఆగిపోయింది.

"ఇదీ అంతేనా?" అన్నాడు మిషను తాత, కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ. "ఇంక నా మిషను ఎందుకమ్మాయ్, నువ్వు ఉఫ్ అని ఊదితే చాలేట్టుంది."

పళ్ళ ఆసుపత్రి వెనక వైపున్న పరిశోధన గది అది, అక్కడి మిషను నడిపేది ఈ తాతే. ఆ అమ్మాయి పిల్లల పళ్ళ వైద్యంలో పెద్ద చదువు చదువుతోంది, చివరి ఏడాది. మాట పెదవి దాటి వచ్చేది కాదు కాబట్టి గుసగుస అని పేరు పెట్టాడు మిషను తాత. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. ఆమె కూడా దానికి బెంగ పెట్టుకోలేదు. ఎవరైనా బిగ్గరగా పిలిస్తేనే ఆమెకు ఇబ్బంది.

ఆమె పని పాలపళ్ళతో. పిల్లలకు ఊడినవీ పీకినవీ నీళ్ళ సీసాల్లో దాచింది. ఒక సీసాలో మంచివి, ఇంకో సీసాలో పుచ్చినవి. పుచ్చు గోకేసిన చోట నీలం రంగు ఆమ్లం రాయాలి, కడగాలి, గాలిగొట్టంతో ఆరబెట్టాలి, జిగురు పూసి దీపపు వెలుగులో గట్టిపరచాలి. ఆపైన పళ్ళు నింపే మందు నిలబెట్టాలి. అప్పుడు మిషను ఆ మందును పట్టి లాగుతుంది. ఎంత బలానికి వదిలిందో మీటరు చెబుతుంది. మీటరు చూడక్కర్లేదనేవాడు తాత. గట్టిగా పట్టిన జిగురు ఠప్పుమని విరుగుతుంది, పట్టనిది టిక్కుమంటుంది.

మంచి పళ్ళు పద్దెనిమిది దగ్గర ఠప్పుమన్నాయి. పుచ్చినవి ఐదు కూడా దాటలేదు. మూడు అసలు టిక్కుమనను కూడా లేదు.

మేడమ్ వచ్చి కాగితం చూసింది. ఆ విభాగానికి పెద్ద ఆమే. మంచి మనిషే గానీ తీరిక లేని మనిషి.

"పుచ్చిన పాలపన్ను మీద జిగురు నిలవదని రాసెయ్. అదీ ఒక ఫలితమే. మీ అన్నయ్య కూతురి పన్ను శనివారం తీసేద్దాం. రెండుసార్లు నింపావు, రెండుసార్లూ ఊడింది. పాపను ఎన్నిసార్లు కూర్చోబెడతాం?"

గుసగుస తల ఊపింది. తల అలవాటుగా ఊగిందే గానీ, మనసు ఒప్పుకోలేదు.

అన్నయ్య కూతురిని ఇంట్లో బుడంకాయ అంటారు. ఎనిమిదేళ్ళది. కింది దవడలో దాని పాలదంతం ఇంకో ఏడాదిన్నర ఉండాలి. ఇప్పుడే తీసేస్తే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, కింద నుంచి రావలసిన పన్నుకు చోటుండదు. ఆ రెండుసార్లూ నింపింది గుసగుసే. ఊడిన రెండోసారి బుడంకాయ ఏడవలేదు. "పర్లేదు అత్తా, నువ్వు బాగానే పెట్టావు, నేనే గట్టిగా నమిలానేమో" అని సర్దిచెప్పింది. అది ఏడ్చినా ఇంత గుచ్చుకునేది కాదు.

మర్నాడు పొద్దున్నే వీధి గదిలో అమ్మ ఇస్త్రీ పెట్టె వేడెక్కిస్తోంది. వాళ్ళ ఇల్లు నడిచేది ఆ ఇస్త్రీ కొట్టు మీదే. గుసగుస స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో తన లెక్కల పుస్తకం పెట్టుకుని, చూపు మాత్రం ఎటో పెట్టింది.

"ఏమే, నిద్రలో ఉన్నావా లేచావా?"

"లేచానమ్మా."

"లేచిన మొహం అలా ఉండదు." అమ్మ ఒక చొక్కా దులిపి చూపించింది. "ఇది చూడు. రెండ్రోజులు ఎండలో వదిలేసి తెచ్చి పడేశారు. అట్టముక్కలా బిగుసుకుపోయింది. పోగులన్నీ ఒకదాని మీద ఒకటి పడి అంటుకుపోయాయి. దీన్నిప్పుడు ఎంత రుద్దితే మాత్రం ముడత పోతుందా?"

"అయితే తడి మీదే రుద్దెయ్యొచ్చుగా?"

"డాక్టరమ్మా! తడి మీద పెడితే చుయ్యిమని ఆవిరొస్తుంది, పనవదు." అమ్మ చిల్లుల మూత సీసాతో నీళ్ళు చల్లి, చొక్కాను చుట్టచుట్టి పక్కన పెట్టింది. "కాసేపాగితే పోగులు విచ్చుకుంటాయి. ఆరీ ఆరనప్పుడు పట్టుకోవాలి. చెయ్యి వేస్తే చల్లగా తగలాలి, చేతికి మాత్రం తడి అంటకూడదు. ఇంత చదివావు, ఇది తెలీదా?"

తెలుసు. అదే కదా విచిత్రం! ఆమ్లం రాసిన పన్ను లోపలి పొరలో సన్నని పోగుల వల మిగులుతుందని, జిగురు ఆ పోగుల సందుల్లోకి దూరితేనే పట్టు దొరుకుతుందని, గాలి ఎక్కువ కొడితే వల కూలిపోతుందని ఆమె పరీక్షలో బొమ్మతో సహా రాసింది. మార్కులు కూడా పడ్డాయి. చేతికి మాత్రం అది చేరలేదు.

ఆమె గబగబా పుస్తకం తిప్పింది. ప్రతి పన్ను పక్కనా గాలి ఎన్ని సెకన్లు కొట్టిందో తనే రాసుకుంది. మంచి పళ్ళకు ఐదు. పుచ్చిన వాటికి ఇరవై, ఇరవై రెండు, ఒకదానికి ముప్పై. పుచ్చిన చోట మెత్తగా ఉంటుంది, చెమ్మ పీలుస్తుంది. ఆ చెమ్మ చూసి భయపడి, అతిజాగ్రత్తకు పోయి, సుద్దలా తెల్లబడేదాకా ఊదింది. బుడంకాయ పన్నును కూడా అంతే.

"అమ్మా!" అని అరిచింది. అమ్మ ఇస్త్రీ పెట్టె జారవిడవబోయి పట్టుకుంది. ఆ ఇంట్లో ఆ గొంతు అంత పైకి లేవడం అదే మొదలు.

"ఏమైందే? తేలు కుట్టిందా?"

"కాదమ్మా, ఎండబెట్టేశాను! అన్నిట్నీ ఎండబెట్టేశాను!"

"ఏ బట్టలే?" అని అమ్మ అడిగేలోపే చెప్పులు వేసుకుని వీధిలో పడింది.

పుచ్చిన పళ్ళ సీసాలో ఇంకా ఎనిమిదే మిగిలాయి. ఈసారి గాలిగొట్టాన్ని ముట్టుకోలేదు. కడిగిన పన్ను మీద చిన్న దూదిముక్క అద్దింది, తీసింది. సన్నగా మెరుస్తోంది, నీటిచుక్క మాత్రం లేదు. చల్లగా తగలాలి, తడి అంటకూడదు. ఆ మాటే లోపల అనుకుంటూ ఎనిమిదింటికీ జిగురు పూసి, మందు నిలబెట్టింది. అన్నిటినీ ఒక రోజు నీళ్ళలో నానబెట్టింది, ముందువాటిని కూడా అలాగే కదా చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మిషను తాత మొదటిదాన్ని బిగించాడు. మీటరు నాలుగు దాటింది, ఐదు దాటింది. తొమ్మిది. పదకొండు.

ఠప్!

తాత వెనక్కి తిరిగి చూశాడు. "ఏం పెట్టావమ్మాయ్ ఇందులో? ఉడుంపట్టు పట్టింది!"

"ఏం పెట్టలేదు తాతా. తడి తియ్యలేదు, అంతే."

రెండోది పన్నెండు. మూడోది పది. ఐదోది పధ్నాలుగు దాకా పోయింది. ఎనిమిదిలో ఒక్కటీ చేతిలో ఊడలేదు. మంచి పళ్ళంత గట్టిగా లేదు, అది నిజమే. మళ్ళీ లెక్క చూసినా పద్దెనిమిది దగ్గరికి రాలేదు. కానీ నమలడానికి అంత అక్కర్లేదు.

ఇక మిగిలింది అసలు కష్టం, మేడమ్‌తో చెప్పడం. అదీ తన తప్పని చెప్పడం. మేడమ్ గది నిండా జనం. గుసగుస గుమ్మంలో నిలబడింది. ఎప్పటిలాగే "మేడమ్" అంది. ఎప్పటిలాగే ఎవరికీ వినబడలేదు.

"మేడమ్!"

గదంతా తిరిగి చూసింది.

"పుచ్చిన పళ్ళ తప్పేం లేదు మేడమ్. తప్పు నాది. వాటిని నేనే ఎండబెట్టేశాను. ఇదిగో, పాతవీ కొత్తవీ రెండూ రాశాను. పాతవి కొట్టెయ్యలేదు. రేపు మా పాప పన్ను పీకొద్దు. ఒక్కసారి నన్ను నింపనివ్వండి."

మేడమ్ కాగితాలు నిదానంగా చదివింది. రెండో పేజీ దగ్గర కనుబొమలు పైకి లేచాయి.

"తప్పు దాచుంటే ఎవరికి తెలిసేది?"

"బుడంకాయకి, మేడమ్. మూడోసారి ఊడాక."

మేడమ్ నవ్వింది. "రేపు పదింటికి కుర్చీ నీది. నేను పక్కన నిలబడతాను, చెయ్యి పెట్టను. ఇంకోటి. ఈ ఎనిమిది చాలవు. ఇంకో ముప్పై పళ్ళు సంపాదించు, మళ్ళీ చెయ్యి. ఆరబెట్టిన విషయం మొదటి పేజీలోనే ఉండాలి. అందరం ఆ తప్పు చేస్తూనే ఉంటాం."

శనివారం బుడంకాయ నోరు తెరుచుకుని కూర్చుంది. గుసగుస గాలిగొట్టం ఉన్న ట్రేను దూరంగా జరిపి, దూది అందుకుంది.

"అత్తా, ఈసారి ఏదైనా తేడానా?"

"ఈసారి నానమ్మ చెప్పినట్టు పెడుతున్నా."

"నానమ్మ పళ్ళకి కూడా ఇస్త్రీ చేస్తుందా?" అంది నోరు మూయకుండానే. మేడమ్ మొహం పక్కకు తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వింది.

నెల గడిచింది. ఆరు నెలలు గడిచాయి. బుడంకాయ చెరకు తప్ప అన్నీ నమిలింది, చెరకు కూడా దొంగతనంగా నమిలిందని తర్వాత బయటపడింది. గుసగుస మిగతా ముప్పై పళ్ళూ పూర్తి చేసింది, పరిశోధనంతా పుస్తకంగా కట్టించింది, నిండు సభలో నిలబడి చదివింది. ఆఖరి వరుసలో మిషను తాత, ఆమె మాట వినబడదేమోనని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడట. మొదటి మాటకే చెయ్యి దించేశానని పదిమందికి చెప్పుకున్నాడు.

ఏడాదిన్నర దాటాక ఒక సాయంత్రం బుడంకాయ ఇస్త్రీ కొట్టులోకి దూసుకొచ్చింది, చేతిలో అగ్గిపెట్టె. దానంతటదే కదిలి, వేళకు ఊడిన పాలదంతం లోపల పడుకుని ఉంది. పన్ను వేర్లు అరిగినట్టు కరిగిపోయాయి. పైన తెల్లటి మందు మాత్రం పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"అత్తా! పన్ను ఊడింది, నీ జిగురు ఊడలేదు!"

గుసగుస దాన్ని వెలుతురుకు పట్టి, అంచు చుట్టూ గోరుతో గీకి చూసింది. సందు దొరకలేదు.

"మిషను తాతకిద్దామా? ఎంత గట్టిగా పట్టిందో లాగి చూస్తాడు."

బుడంకాయ చటుక్కున అగ్గిపెట్టె లాక్కుని మూత వేసింది.

"ఇవ్వను. ఇంతకాలం లాగింది నేనే కదా, నన్నడుగు!"

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి అమ్మ పడీపడీ నవ్వింది. ఆమె కంటే గట్టిగా, వీధి మలుపు దాకా వినబడేలా నవ్వింది గుసగుస.