కనీసం అన్న మాట

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే గుండీలమ్మ చేసే మొదటి పని డబ్బాలను ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడటం. చప్పుడును బట్టి ఏ డబ్బాలో గుండీలు నిండుగా ఉన్నాయో, ఏది అడుగంటిందో చెప్పేస్తుంది. చొక్కా గుండీల చప్పుడు వేరు, కోటు గుండీల చప్పుడు వేరు. ఆ తర్వాత గుమ్మానికి ఒక అట్టముక్క తగిలిస్తుంది. దాని మీద "కనీసం డజను" అని రాసి ఉంటుంది. విడి గుండీలు అమ్మడం ఆమెకు గిట్టదు. డజను కొన్నవాడు మర్యాదస్తుడు, ఒకటీ అరా అడిగినవాడు పనిలేనివాడు. ఇది ఆమె సిద్ధాంతం, వీధి వీధంతా దానికి అలవాటు పడింది.

ఆమెకు ఒక కొడుకు, ఒక కోడలు. కొడుకు పొద్దున్నే డెలివరీ వ్యాను తీసుకుని వెళ్తాడు, సాయంత్రానికి వచ్చి ఇంత తిని పడుకుంటాడు. మంచివాడు, అతని గురించి అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. చెప్పుకోవాల్సింది కోడలి గురించే. ఆ అమ్మాయి ఏదైనా పైకి చదివితే కాగితం మీది అక్షరాలు వాటిలోని విషయానికి తగ్గట్టు మారిపోతాయి. గట్టి విషయం ఎంత చిన్న అక్షరాల్లో ఉన్నా పెరుగుతుంది, దాంతోపాటు కాగితమూ సాగుతుంది. ఉత్త మాట ఎంత లావు అక్షరాల్లో ఉన్నా ఆవగింజంతకు ముడుచుకుపోతుంది. అదే కాగితం ఎదురుగా ఎన్ని చేతుల్లో ఉన్నా అన్నీ ఒకేలా మారతాయి. పుట్టింట్లో వాళ్ల అమ్మ చదివినా అంతేనట.

వీధిలో దీన్నెవరూ వింతగా చూడలేదు. దానితో వచ్చే ఇబ్బందులే చూశారు. ఒకసారి పక్కింటావిడ తెచ్చిన దగ్గుమందు సీసా కోడలు చదివితే, "పసిపిల్లలకు వాడరాదు" అన్న ముక్క సీసాను దాటి బల్ల చివరిదాకా పాకింది. చంటాడి నోట్లో పోయబోయిన చెంచా అక్కడే ఆగింది. ఆ మంచి పని అందరూ మెచ్చుకున్నారు గానీ, బల్ల తుడుచుకునేసరికి కోడలి నడుం పడిపోయింది. వంటింట్లో మాత్రం పేపరు పైకి చదవొద్దని గుండీలమ్మ గట్టిగా చెప్పింది. పొయ్యి పక్కన కాగితం పెరిగితే ఇంకేమైనా ఉందా.

"గోరంతను కొండంత చేసే కోడళ్లు ఇంటికొకరుంటారు," అనేది కొట్టుకు వచ్చిన ప్రతివాళ్లతోనూ. "మా అమ్మాయి అలా కాదు. కొండంతను గోరంత చేసి దాచినవాళ్ల పని పడుతుంది."

ఈ మాట అనేటప్పుడు ఆమెకు చేతిలో లెక్క తప్పేది. డజనుకు ఒకటి ఎక్కువే పడేది. ఎదురింటి టైలరు అది కనిపెట్టి, ముందు కోడలి సంగతి ఎత్తి, ఆ తర్వాతే గుండీలు అడిగేవాడు.

అంత గొప్పలు పోయే మనిషి తన సొంత కాగితాలు మాత్రం కోడలి చేత చదివించుకునేది కాదు. "నా కళ్లకేం వచ్చింది?" అనేది. ముఖ్యంగా క్రెడిట్ కార్డు కాగితం. ఆ వీధిలో అందరికంటే ముందు కార్డు తీసుకున్నది ఆమే. నెలనెలా వచ్చే బిల్లులో బాగా కనబడేలా ఒక మాట ఉండేది: కట్టవలసిన కనీస మొత్తం. కనీసం అంటే ఏమిటో గుండీలమ్మకు ఒకరు చెప్పాలా? కొన్నవాడు కనీసం డజను కొంటే చాలు, ఇక వాడికీ ఆమెకూ లెక్క చెల్లు. కాబట్టి ఆ కనీసం ఎంతో అంత గడువుకు ముందే కట్టేసి, తల ఎత్తుకుని తిరిగేది. టైలరుకూ చెప్పుల కొట్టాయనకూ కార్డులు ఇప్పించింది కూడా తనే.

"ఏం బెంగపడకండి," అని వాళ్లకు ధైర్యం చెప్పింది. "కనీసం కట్టామంటే మన మర్యాద మనకు దక్కినట్టే. అంతకు మించి కట్టడమంటే వాళ్లకు ఊరికే ఇచ్చుకోవడం."

ఆమె మాటంటే వీధిలో రాతి మీద గీత. చిల్లర కోసమో పరపతి కోసమో కాదు, ఆ మాట విలువ కోసమే ఆమె బతుకుతున్నట్టుండేది. అందరూ అలాగే కడుతూ వచ్చారు. నెలనెలా అప్పు ఎందుకు తరగడం లేదో టైలరుకు ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది గానీ, అక్క చెప్పాక తిరుగేముంది అనుకున్నాడు.

ఆ కార్డు కంపెనీ ఆఫీసులోనే కోడలికి ఉద్యోగం వచ్చింది. ఇక గుండీలమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంకా పర్మనెంట్ కాలేదని కోడలు ఎంత మొత్తుకున్నా, వీధిలో మాత్రం "మా అమ్మాయి లేకపోతే ఆ ఆఫీసు తలుపులు తెరుచుకోవు" అనే ప్రచారం నడిచింది.

ఒకనాటి సాయంత్రం కోడలు ఒక రంగుల కాగితం తెచ్చి బల్ల మీద బోర్లించింది.

"కార్డు నిబంధనలు మారుతున్నాయి అత్తయ్యా. వడ్డీ, రుసుములు, క్యాష్‌బ్యాక్, అన్నీ. ఆదివారం పొద్దున ఖాతాదారులందర్నీ పిలిచి హాల్లో చదివి వినిపించాలట. నన్ను చదవమన్నారు."

"నిన్ను కాక ఎవర్ని చదవమంటారు?"

"మేనేజరుగారు ఈ కాగితం తనే తయారుచేశారు. పైన 'మీకు శుభవార్త, క్యాష్‌బ్యాక్ రెట్టింపు' అని వేశారు. నేను చదివితే అది గోడంత అవుతుందని ఆయన ఆశ. బాగా జరిగితే సోమవారమే పర్మనెంట్ చేస్తారట."

"మరి మొహం అలా పెట్టావేం?"

"మొదలుపెడితే చివరిదాకా చదవాలి అత్తయ్యా, మధ్యలో ఆపడం నాకు రాదు. ఆయనకూ అదే చెప్పాను. కింద ఏముందిలే, మామూలు సంగతులే, చదువుకో అన్నారు."

"అన్నారు కదా. చదువు మరి," అంది గుండీలమ్మ. ఆ మర్నాడంతా కొట్టుకు వచ్చినవాళ్లందర్నీ ఆదివారం రమ్మని పేరుపేరునా పిలిచింది.

ఆదివారం ఆమె అందరికంటే ముందు వెళ్లి మొదటి వరసలో మధ్య కుర్చీ పట్టుకుంది. అటు టైలరు, ఇటు చెప్పుల కొట్టాయన, వెనక వీధంతా. అందరి చేతుల్లోనూ అదే రంగుల కాగితం. మేనేజరు ఇస్త్రీ చొక్కాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. చొక్కా మూడో గుండీ వేరే రకమని గుండీలమ్మ గమనించింది గానీ, శుభమా అని వచ్చి ఎందుకులే అని ఊరుకుంది.

కోడలు గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "మీకు శుభవార్త. క్యాష్‌బ్యాక్ రెట్టింపు."

బొటనవేలంత అక్షరాలు చూస్తుండగానే ముడుచుకుపోయాయి. కొందరు కళ్లజోళ్లు సర్దుకున్నారు, కొందరు కాగితాన్ని వెలుతురుకు పట్టి వెతికారు. మేనేజరు ముఖంలో రంగు తగ్గింది. కోడలు చదువుతూ పోయింది. క్యాష్‌బ్యాక్ సినిమాలకూ హోటళ్లకూ మాత్రమే, అదీ ఒక హద్దు దాకా. కొట్టులోకి సరుకు కొంటే ఇక పైసా రాదు. ఆ వాక్యం జానెడు పెరిగింది. ఇంతవరకు లేని ఏడాది రుసుము ఇక నుంచి ఉంటుంది. ఆ వాక్యం మూరెడు పెరిగింది. కాగితాలు మోకాళ్ల మీద నుంచి జారుతుంటే జనం మడతలు పెట్టుకుంటూ విన్నారు.

"వడ్డీ రేటు పెరుగుతుంది," అని చదివింది కోడలు. "కనీస మొత్తం మాత్రమే కట్టినవారికి..."

కనీస అన్న మాట ఒక్కసారిగా లేచింది. చెప్పుల కొట్టాయన చేతిలో కాగితం చాపంత సాగింది. టైలరు దాన్నీ చూశాడు, పక్కనున్న గుండీలమ్మనూ చూశాడు.

"అక్కా, కనీసం కడితే చాలన్నావు కదా?"

గొంతు తగ్గించే అన్నాడు పాపం. అయినా హాలంతా వినబడింది. వెనక వరసల్లోంచి మరో రెండు మూడు గొంతులు అవునవును అన్నాయి. ఆగడం రాదన్న కోడలు ఆగింది. అత్తగారి బిల్లుల సంగతి ఆమెకు ఆ క్షణం వరకూ తెలియదు. ఇప్పుడు తెలిసింది. మిగిలిన సగం వాక్యం నోట్లో పెట్టుకుని అత్తగారి వైపు చూస్తూ నిలబడిపోయింది. అది చదివితే వీధిలో అత్తగారి మాట ఏమవుతుందో ఆమెకు తెలుసు. మేనేజరు ఇదే అదనుగా, "చాలమ్మా, మిగతావి మామూలు సంగతులే, అందరూ ఇంటి దగ్గర చదువుకుంటారు," అని చప్పట్లు కొట్టబోయాడు.

ఇంతకాలం తను ఎంత గట్టిగా చెప్పిందో అంతా గుండీలమ్మకు చెవుల్లో వినబడింది. ఇప్పుడు ఇలాగే లేచి ఇంటికి పోతే ఈ సంగతి సగంలోనే ఉండిపోతుంది, తన మాటా నిలిచిపోతుంది. ఒక్క క్షణం ఆ ఆశ కలిగిన మాట నిజమే. తర్వాత కోడలి ముఖం చూసింది. తన కోసం నోరు నొక్కుకుని నిలబడ్డ ఆ పిల్లను చూస్తే ఆమెకు పౌరుషం వచ్చింది.

లేచి నిలబడింది.

"ఆగావేం? చదువు," అంది. ఆ తర్వాత వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా చెప్పింది. "కనీసం కడితే చాలని మీకు చెప్పింది నేనే. తెలియక చెప్పాను, తెలిసినట్టు చెప్పాను. తప్పు చెప్పిన నోరు నాది. దిద్దే నోరు మా కోడలిది. రెండూ ఒకే ఇంటివి, అంచేత ఎవరూ లేవకండి."

ఎవరూ లేవలేదు. కోడలు ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకుంది. కనీస మొత్తం మాత్రమే కట్టినవారికి మిగిలిన బాకీ మొత్తం మీద కొన్న రోజు నుంచీ వడ్డీ పడుతుంది, కొత్తగా కొన్నవాటి మీదా పడుతుంది. ఆ వాక్యం కుర్చీల వరసల మధ్య దారంతా పరుచుకుంది. టైలరు ఒక ముక్క తన కాళ్ల మీదికి లాక్కుని మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. గుండీలమ్మ నిలబడే వింది.

ఇక అయిపోయిందనుకున్నారంతా. కోడలు అవలేదంది. కాగితం అడుగున, ముద్రించిన ప్రెస్సు పేరు కింద, ఇసుక రాలినట్టు ఒక గీత ఉంది. పైవాళ్లు పంపిన నమూనాలో ఉన్నదాన్ని మేనేజరు గీతే అనుకుని అలాగే ఉంచేశాడట. కోడలు దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది.

"ఈ మార్పులు ఇష్టం లేనివారు నెలాఖరులోగా తెలియజేసిన యెడల, పాత వడ్డీకే వాయిదాల మీద బాకీ తీర్చి, ఏ రుసుమూ లేకుండా కార్డు మూసివేయవచ్చు."

ఆ గీత పెరిగిన తీరు వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరి ఒళ్లూ దాటి, కుర్చీలు దాటి, గోడలకు తగిలి వెనక్కి మడతపడి, కిటికీల్లోంచి బయటికి వేలాడింది. దాని కింద నుంచి తలలు పైకి తీసి జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. టైలరు ముందుగా లేచాడు. "అక్కా, ఎవరికి తెలియజేయాలి?" అని అడిగాడు. అడిగింది మళ్లీ ఆమెనే అని గుండీలమ్మ గమనించింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అదుగో, ఆయనకే," అని మేనేజరును చూపించింది.

మేనేజరు ఏమనుకున్నాడో, జేబులోంచి తన కార్డు తీసి చూసుకున్నాడు. అదే కంపెనీది.

"నేనూ కనీసమే కడుతున్నానమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"అయితే మీరూ వరసలో నిలబడండి," అంది గుండీలమ్మ.

సోమవారం కోడలిని పర్మనెంట్ చేయలేదు. పైవాళ్ల దగ్గర నుంచి కబురొచ్చింది, ఇక రానక్కర్లేదని. మేనేజరు బతిమాలి చూశాడట, లాభం లేకపోయింది. మధ్యాహ్నానికల్లా కోడలు టిఫిన్ డబ్బా పట్టుకుని కొట్టు ముందు నిలబడింది. లోపలికి రావడానికి సంకోచించింది. గుండీలమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, అప్పుడే గుండీల కోసం వచ్చిన ఆవిడ ముందు నిలబెట్టింది.

"మా అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేశారు," అంది. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు కూడా ఆ గొంతులో అంత గర్వం లేదు. "ఎందుకు తీసేశారో తెలుసా? చివరిదాకా చదివిందని."

సాయంత్రంలోపు వీధిలో అందరికీ అదే మాట చెప్పింది, కొందరికి రెండేసిసార్లు. టైలరుకు చెప్పేటప్పుడు డబ్బాలో సగం గుండీలు అతని సంచీలో పోసింది. అతను వద్దు వద్దంటున్నా వినలేదు.

చీకటి పడకముందే ఒక ముసలాయన గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. చేతిలో ఇంటి అద్దె కాగితం. సంతకం పెట్టమని ఇంటి ఓనరు తొందర పెడుతున్నాడట, అమ్మాయిగారు ఒక్కసారి చదివిపెడితే బాగుంటుందట. గల్లాపెట్టె మీద పెట్టబోయాడు.

"ఇక్కడ కాదు బాబాయ్, చోటు చాలదు," అంది గుండీలమ్మ కుర్చీ తీసుకుని బయటికి వస్తూ. "వీధిలో పరుచు. అమ్మాయ్, ఇలా రా."