కొత్త కిటికీ మీద ఎర్ర మరక

డెబ్బై ఎనిమిదిలో, ఎండలు ముదరక ముందు, హనుమకొండలో బట్టల కొట్టున్న కిషన్ రావు మేడ మీద కొత్త గది కట్టించి, పెరటి వైపు కిటికీకి పెద్ద అద్దం పెట్టించాడు. ఆ వీధిలో అంత అద్దం ఇంకెవరికీ లేదు. అతని భార్య వరలక్ష్మికి ఆ మురిపెం పది రోజులన్నా నిలవలేదు. తెల్లవారేసరికి అద్దం మీద టకటకమని చప్పుడు. మెట్లెక్కి చూస్తే ఎవరూ లేరు. అద్దం మీద మాత్రం కుంకుమ పులిమినట్టు ఎర్రటి మరక.

అదే వారం కూతురికి జ్వరం తగిలింది. ఇక వరలక్ష్మి మనసు మనసులో లేదు. ఆ మరక చూసి పనిమనిషి చిలుకమ్మ, "ఏం ఫికర్ లేదమ్మా, జర తడిగుడ్డ పెడితే పోతది" అంది. అంత తేలిగ్గా ఎలా అంటుంది? మొన్న పాత చీర అడిగితే లేదన్నందుకు మూతి ముడుచుకుని పోలేదూ? అనుమానానికి ఆ మాత్రం మేత చాలదా! పక్కింటి భద్రమ్మ చెవిన వేసింది. భద్రమ్మ చెవిన పడ్డాక వేరే చాటింపు అక్కర్లేదు.

"బాణామతే చెల్లె, మంత్రం పెట్టింది. ముందుగాల దాన్ని పనిల నుంచి తీసెయ్" అంది భద్రమ్మ.

తీసేసింది. సాయంత్రానికల్లా చిలుకమ్మ పని చేసే మిగతా నాలుగిళ్ళ తలుపులూ మూసుకున్నాయి.

"నీ బిడ్డను ఎత్తుకొని పెంచిన చేతులమ్మా ఇవి. నేనెందుకు చేస్తనమ్మా?" అని చిలుకమ్మ గుమ్మం ముందు ఏడ్చింది. వరలక్ష్మి వినలేక లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున వరలక్ష్మి, చిలుకమ్మ గోడెక్కి వస్తుందేమో పట్టుకుందామని గదిలో పరదా చాటున నిలబడింది. వచ్చింది చిలుకమ్మ కాదు, పిగిలిపిట్ట. తల మీద నల్ల జుట్టు నిక్కబొడుచుకుని, అద్దంలో కనబడే పిట్ట మీదికి ఒకటే దూకడం, పొడవడం. అలసిపోతే కంచె మీద పండిన దొండపండు తిని, ఆ ముక్కుతోనే మళ్ళీ పొడుస్తోంది. ఎర్రటి గుజ్జు అద్దం మీద జారింది. వరలక్ష్మికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

పరుగున పోయి భద్రమ్మనీ, మరో ఇద్దరు ఆడవాళ్ళనీ పిలుచుకొచ్చి, గదిలో కూర్చోబెట్టి చాయ్ పోసింది. అందరూ చూస్తుండగానే పిట్ట మళ్ళీ వచ్చి పొడిచింది.

"చూసినవా అక్కా? దాని నీడనే చూసి ఇంకో పిట్ట అనుకుంటాంది. బయట నుంచి దుప్పటి కప్పితే సరిపోతది. చిలుకమ్మ పాపం ఏం చెయ్యలె. మళ్ళ పనిలకు పిలుద్దాం."

భద్రమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గిన్ని ఇండ్లుండంగ గా పిట్ట మీ ఇంటికే ఎందుకొచ్చె? దాన్నెవరు తోలిండ్రు?"

"మా ఇంటికే గింత అద్దముంది గనక!"

"నిన్నటి దాంక నువ్వే చిలుకమ్మ పేరు చెప్తివి. తెల్లారంగనే దాని దిక్కు మాట్లాడవడితివి." భద్రమ్మ గొంతు తగ్గించింది. "నిన్ను గూడ ఏదో చేసింది చెల్లె."

వరలక్ష్మి ఎంత చెప్పినా ఆ మాట వెనక్కి పోలేదు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని లేచారు. ఆమె పోసిన చాయ్ ఎవరూ ముట్టలేదు.